చివరికి మిగిలిన అక్షరాలు

విజయనగరంలో పేటపేటనా సర్కారు వేయిస్తున్న కుటుంబ నియంత్రణ గోడబొమ్మలన్నీ అప్పలనరసింహానివే. కోవెల గోడలమీద దేవుళ్లని వేసిన చెయ్యి; ఈ బొమ్మల్లోని అమ్మా, నాన్నా, ఇద్దరు పిల్లలకి కూడా కళ్లు ఆఖరికే ఉంచుతాడు. తలంటుకుని వచ్చి, కొబ్బరికాయ కొట్టి, ఊపిరి బిగబట్టి నల్లగుడ్లు దిద్దుతాడు. నవ్వేవాళ్లని నవ్వనిస్తాడు. ఆ తరవాతే కింద అక్షరాలు.

ఆవేళ కొబ్బరికాయ చప్పుడు విని ఎదురింటి చిన్నతల్లి వచ్చింది. పెళ్లయి పదేళ్లు, పిల్లల్లేరు. బొమ్మలోని తల్లి పాదాలకి పసుపు రాసి, చేతులు జోడించింది.

"ఏ అమ్మోరు బాబూ ఈవిడ? నాకొక్క నలుసునిస్తాదా?"

"ఇద్దరు చాలు" అని రాయవలసిన ఖాళీ కేసి అతను కాసేపు చూశాడు.

"ఇస్తాదమ్మా. మొక్కుకో."

అక్షరాలకని కలిపిన ఎర్రరంగుకి మూతపెట్టి, నిచ్చెన భుజాన వేసుకున్నాడు.