గంటన్నర దూరంలో రెండు గుండెలు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. ఐసీయూలో పద్నాలుగేళ్లు పనిచేసినదాన్ని. అప్పుడే ప్రాణం పోయిన మనిషి కళ్లు మూసి, చేతులు కడుక్కుని, పక్క గదిలో కూర్చుని ఉప్మా తిన్న రోజులున్నాయి. ఫలానా బెడ్డు మంచిది కాదని ఆయాలు గుసగుసలాడితే నేనే కసిరేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. నేను చెప్పబోయేదాంట్లో దయ్యం లేదు కూడా. కానీ ఒక బుధవారం మధ్యాహ్నం జరిగినదాన్ని ఏమనుకోవాలో తెలియక ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాను. మా పెద్ద డాక్టరు గారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. వెంటిలేటర్ మీద ఉన్న మనిషి పరిస్థితి చెడే ముందు గుండె ఏమైనా సూచన ఇస్తుందా అన్నది ఆయన ప్రశ్న. అందుకోసం రోగుల గుండె వేగాన్ని సెకను సెకనుకూ కంప్యూటర్‌లో నమోదు చేసేవాళ్లం. గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్న గిద్దలూరులో ఆయన స్నేహితుడి ఆసుపత్రి కూడా ఇందులో చేరింది. అక్కడి రికార్డు ఒక నిమిషం ఆలస్యంగా మా కంప్యూటర్‌కు చేరేది. రెండు చోట్ల రికార్డులు చూసుకోవడం, రోగుల ఇంటివాళ్ల దగ్గర సంతకాలు తీసుకోవడం నా పని.

ఈ పనిలో తలనొప్పి ఏమిటంటే దొంగ అలారాలు. రోగి దగ్గినా, తీగ కదిలినా గుండెకేదో అయినట్టు గీత ఎగిరిపడేది. ఏది నిజం, ఏది తీగ తప్పు అని తేల్చడానికి మా వదిన సాయపడింది.

మా వదిన ఫిజిక్సులో పరిశోధన చేసేది. జంట కృష్ణబిలాలు ఆమె విషయం. వెలుతురును కూడా మింగేసే రెండు బరువులు ఆకాశంలో ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, దగ్గరవుతూ, చివరకు కలిసిపోతాయట. ఆ అదురు కోట్ల ఏళ్ల తర్వాత మన భూమిని తాకుతుందట. దాన్ని పట్టే యంత్రాలు దూరదూరంగా రెండు పెడతారు. ఒక్కదానిలోనే అదురు కనిపిస్తే పక్కన లారీ పోయిందని వదిలేస్తారు. రెండింటిలోనూ ఒకే ఆకారం కనిపిస్తేనే నిజం. ఆ లెక్క కోసం తాను రాసుకున్న ప్రోగ్రాంనే కొంచెం మార్చి మాకిచ్చింది. ఒకే రోగి గుండె గీతనూ నాడి గీతనూ పక్కపక్కన పెడితే, రెండింటిలోనూ ఉన్నదాన్ని మాత్రమే అది చూపించేది. రోగుల పేర్లు ఆమెకు తెలియవు. ఫైళ్ల మీద అంకెలు మాత్రమే ఉండేవి.

ఆ వారం మా మూడో బెడ్డులో ఓబులేసు అనే గొర్రెల కాపరి ఉన్నాడు. మార్కాపురం దగ్గర పల్లె. కట్లపాము కరిచింది. ఆ విషానికి ఒళ్లంతా చచ్చుబడి, కనురెప్ప కూడా ఎత్తలేకుండా వెంటిలేటర్ మీద పడుకుని ఉన్నాడు. మందు ఇచ్చాం, గుండె బాగుంది, నాలుగు రోజుల్లో లేస్తాడని అందరం అనుకుంటున్నాం. గిద్దలూరులో నాగలక్ష్మమ్మ అని కొమరోలు ఆవిడ ఉంది. వాళ్లది బట్టల దుకాణం. న్యుమోనియాతో వచ్చింది. ఆవిడ కూడా కోలుకుంటోందనే చెప్పారు.

బుధవారం ఒంటిగంటకు వదిన ఫోన్ చేసింది.

"ఏంది పద్మా, ఒకే మనిషివి రెండు ఫైళ్లు రెండు నంబర్లతో పంపినావా?"

"లేదు వదినా. ఏ నంబర్లు?"

చెప్పింది. ఒకటి ఓబులేసుది, ఇంకొకటి నాగలక్ష్మమ్మది. తప్పు నాదే. గుండె గీత ఒకరిది, నాడి గీత ఒకరిది జతచేసి పంపాను. ఆ జతలో ప్రోగ్రాంకు ఏమీ దొరకకూడదు. నాలుగు దొరికాయి.

అరగంటలో వదిన ల్యాప్‌టాప్ పట్టుకుని ఆసుపత్రికే వచ్చింది. ఆ నాలుగూ ఒకలాంటివే: ఇద్దరి గుండె వేగం ఒక్కసారిగా తొంభై నుంచి అరవైకి దిగడం, ఇరవై సెకన్లు అక్కడే ఉండి మళ్లీ ఎక్కడం. ముందు గిద్దలూరులో, ఎనిమిది సెకన్ల తర్వాత మార్కాపురంలో. నాలుగుసార్లూ అంతే. మరీ కిందికి దిగలేదు కాబట్టి అలారం మోగలేదు. ఎవరూ చూడలేదు.

మంగళవారం పొద్దున ఎనిమిదికి ఒకసారి. పదహారు గంటల తర్వాత రెండోసారి. ఎనిమిది గంటల తర్వాత మూడోది. నాలుగు గంటల తర్వాత, అంటే ఆ రోజు పన్నెండింటికి, నాలుగోది. నేను ఆ అంకెలు కాగితం మీద రాసుకుంటుంటే వదిన నా చేతిలో పెన్ను తీసుకుని కింద ఇంకో గీత గీసింది.

"ఎడం సగం సగం అయితా ఉంది. మా బిలాలు కూడా ఇట్లనే, దగ్గరికొచ్చే కొద్దీ చుట్టు చిన్నదవుతుంది. ఇది ఇట్లనే పోతే తర్వాతది రెండింటికి. ఆ తర్వాత మూడింటికి."

"ఆ తర్వాత?"

"నాలుగింటికి ఎడమే ఉండదు" అంది. నా మొహం చూసి, "లెక్క చెప్తున్నా అంతే. గడియారాలు తప్పయి ఉంటాయి, చూడు" అని సర్దింది.

గడియారాలు చూశాను. మా మానిటర్ టైము ఫోన్ టైముతో సరిపోయింది. రెండింటికి రెండు నిమిషాల ముందు వెళ్లి మూడో బెడ్డు పక్కన నిలబడ్డాను. తీగలన్నీ చేత్తో తడిమి చూశాను. ఎవరూ అతన్ని ముట్టుకోలేదు, దగ్గు లేదు, మందు మార్చలేదు. తొంభై రెండు. తొంభై ఒకటి. నా కళ్లముందే ఎనభై, డెబ్భై, యాభై తొమ్మిది. మళ్లీ ఎక్కింది. కంప్యూటర్ దగ్గరకు పరుగెత్తాను. నిమిషం తర్వాత గిద్దలూరు రికార్డు వచ్చింది. అక్కడ ఎనిమిది సెకన్ల ముందే దిగింది.

బయట వరండాలో ఓబులేసు భార్య తిరుపతమ్మ కూర్చుని ఉంది. ఏదైనా మామూలు కారణం దొరికితే బాగుండునని వెళ్లి అడిగాను.

"అమ్మా, కొమరోలులో మీకు చుట్టాలెవరైనా ఉన్నారా?"

"యాడ తల్లీ. ఆ దిక్కుకు మేం ఎప్పుడూ పోయిందే లేదు. ఎందుకు, ఏమైంది మా ఆయనకు?"

"ఏం కాలేదు" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

మూడింటికి మళ్లీ జరిగింది. ఈసారి నలభై తొమ్మిది. అలారం మోగింది. డ్యూటీ డాక్టరు వచ్చి పరీక్షించి, విషం ప్రభావం అయి ఉంటుందన్నాడు.

మూడుంబావుకు గిద్దలూరుకు ఫోన్ చేశాను. అక్కడి నర్సు చిన్నపిల్ల, కొత్తగా చేరింది.

"నాగలక్ష్మమ్మ ఎట్లా ఉంది?"

"బాగానే ఉంది అక్కా. మూడింటికి కొంచెం స్లో అయినాది, మళ్లీ సర్దుకుంది. ఎందుకక్కా?"

ఎందుకో చెప్పాలని నోరు తెరిచాను. ఏమని చెప్పాలి? మా వదిన ఆకాశం లెక్క వేసింది, మీ పేషెంటుకు నాలుగింటికి ఏదో అవుతుందని చెప్పనా? వాళ్ల డాక్టరుతో నాకు పరిచయం లేదు. "ఊరికే. మీ మానిటర్ టైము ఎంతో చెప్పు, సరిచూసుకోవాలి" అన్నాను. చెప్పింది. సెకనుతో సహా సరిపోయింది. ఫోన్ పెట్టేశాను.

మూడున్నరకు ఇంకోసారి. ఇక ఆగలేక పెద్ద డాక్టరు గారి గదిలోకి వెళ్లి, కాగితం ముందు పెట్టి, ఏడుపు గొంతుతో అంతా చెప్పేశాను.

"ఏందమ్మా పద్మా, నువ్వు కూడా జాతకాలు చెప్తున్నావా?" అని నవ్వారు. కానీ ఆయన చూపు ఆ అంకెల మీదే ఉంది. రెండు నిమిషాలు చూసి లేచారు. "నువ్వు చెప్పినదానికి కాదు. మూడుసార్లు గుండె వేగం పడిపోయింది కాబట్టి వస్తున్నా" అన్నారు. మూడో బెడ్డు దగ్గరకు మందుల ట్రాలీ, షాకిచ్చే యంత్రం తెప్పించారు. ఇంజక్షన్లు నింపించి పెట్టుకున్నారు. మళ్లీ గిద్దలూరుకు ఫోన్ చేయాలన్నది ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. వదిన అద్దం తలుపు బయట ల్యాప్‌టాప్ గుండెలకు హత్తుకుని నిలబడింది.

మూడూ నలభై అయిదుకు దిగింది. ఆ తర్వాత ఏడెనిమిది నిమిషాలకు దిగింది. ఆ తర్వాత ఎడం లెక్కపెట్టడం నావల్ల కాలేదు. ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు గీత వణికింది. నాలుగింటికి ఇంకా నిమిషం ఉందనగా సాపయిపోయింది.

డాక్టరు గారు అప్పటికే ఛాతీ మీద చేతులు వేశారు. నేను మందు ఎక్కించాను. డ్యూటీ డాక్టరుతో కలిపి ముగ్గురం మార్చి మార్చి ఛాతీ నొక్కాం. నాలుగు నిమిషాల తర్వాత గీత కదిలింది. తర్వాత నాడి చేతికి తగిలింది. మేం ముందే అక్కడ నిలబడి ఉండకపోతే అతను దక్కేవాడు కాదని డాక్టరు గారే అన్నారు.

నేను గోడకు ఆనుకుని నిలబడి గిద్దలూరుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మూడోసారి ఆ పిల్లే ఎత్తింది. ఏడుస్తోంది.

"పోయినాది అక్కా. నేను పక్క బెడ్డు దగ్గర ఉండినా. అలారం మోగితే వచ్చినా. సార్ కింద ఓపీలో ఉన్నాడు, వచ్చేసరికే..."

ఆవిడ గుండె ఆగింది మా వాడి గుండె ఆగడానికి ఎనిమిది సెకన్ల ముందు కాదు. ఆ ఒక్కసారి మాత్రం ఎడం లేదు. రెండు రికార్డుల్లోనూ ఒకే సెకను.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాగలక్ష్మమ్మ గుండె గీతలో మొదటినుంచీ ఒక అలవాటు ఉంది. మూడు దెబ్బలు మామూలుగా కొట్టుకుని, నాలుగోది తొందరపడి ముందే పడేది. ఓబులేసుకు అట్లాంటిది లేదు. అతను చేరినప్పటి నుంచీ నేను రోజూ చూసిన గీత అది. ఆగి తిరిగి మొదలైన తర్వాత అతని గుండె మూడు మామూలుగా, ఒకటి ముందుగా కొట్టుకుంది. డిశ్చార్జి అయ్యే దాకా అట్లాగే ఉంది. డాక్టరు గారు, ఆగి కొట్టుకున్న గుండెలో ఇట్లాంటివి మామూలే అన్నారు. నిజమే, నేను కూడా ఎన్నో చూశాను.

ఓబులేసు పదకొండో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయాడు. వెంటిలేటర్ మీద ఉన్న రోజుల సంగతి ఏమీ గుర్తు లేదన్నాడు.

వదిన నెల రోజులు ఆ రెండు ఫైళ్లతో కుస్తీ పట్టింది. కరెంటులో తేడా ఏమో అనుకుంది. రెండు చోట్లా యంత్రాలు వేరు వేరు బ్యాటరీల మీద నడిచాయి. ఒకరి రికార్డు ఇంకొకరిలో కలిసిందేమో అనుకుంది. కానీ మా బెడ్డు దగ్గర నేను నా కళ్లతో చూశాను. అక్కడ ఆ పిల్ల చూసింది. చివరకు ఒకరోజు మా వంటింట్లో కూర్చుని, "మా పద్ధతిలో అయితే ఇది నిజమనే రాయాలి పద్మా. అది ఏం నిజమో మాత్రం నాకు తెలియదు" అంది. తర్వాత ఆ విషయం ఎత్తలేదు. పరిశోధనలో ఆ ఇద్దరి రికార్డులూ వాడొద్దని డాక్టరు గారు పక్కన పెట్టించారు.

రెండు నెలల తర్వాత ఏదో కాగితం మీద సంతకం కోసం కొమరోలు వెళ్లాల్సి వచ్చింది. నాగలక్ష్మమ్మ కూతురు దుకాణంలో కూర్చోబెట్టి టీ తెప్పించింది. సంతకం చేసి, పెన్ను మూత పెడుతూ అడిగింది.

"అక్కా, మీరు మా అమ్మ గుండెను కంప్యూటర్‌లో చూస్తా ఉండినారంట కదా. ఇట్లయితాదని ముందే ఏమన్నా తెలిసిందా మీకు?"

టీ గ్లాసు కింద పెట్టాను. మూడుంబావుకు నేను చేసిన ఫోన్, గడియారం సరిచూసుకోవాలని నేను చెప్పిన మాట చెవుల్లో వినిపించాయి. మా డాక్టరు గారికి సిగ్గు విడిచి చెప్పినదాన్ని ఆ ఫోన్‌లో గిద్దలూరుకు చెప్పలేకపోయాను.

"తెలియదమ్మా" అన్నాను.

అబద్ధం చెప్పాను. తెలుసు. ఎట్లా తెలిసిందో, ఆ ఇద్దరికీ ఏమి సంబంధమో, అది మాత్రం నిజంగానే నాకు ఈ రోజుకీ తెలియదు.