పల్లపు వీధికి బొమ్మ తెచ్చిన మనిషి

పల్లపు వీధిలో టీవీ తెర మీద మొట్టమొదటి బొమ్మ రప్పించింది ఆయనే. అది ఒకనాటి పని కాదు, పదకొండు నెలల పని. కొండకి అవతల ఊరంతా హాయిగా టీవీ చూస్తుంటే, కొండకి ఇవతల గిన్నె అడుగులా ఉండే ఈ వీధిలో మాత్రం ఎనభై ఏడు ఇళ్ళకీ తెర మీద చీమలు పాకడం తప్ప ఇంకేమీ కనపడేది కాదు. ప్రసార కేంద్రం వాళ్ళ టవరు కొండకి అటు పక్క ఉంది మరి. ఊళ్ళో టీవీలమ్మే పెద్ద దుకాణం వాళ్ళు ఇద్దరు మనుషుల్ని పంపారు. వాళ్ళు నిచ్చెన వేసి, గంటసేపు తిప్పి చూసి, "ఇక్కడ రాదండీ, వదిలేయండి" అని నిచ్చెన భుజాన వేసుకుని పోయారు.

ఆయన వదల్లేదు. అప్పటికి ఆయన సైకిళ్ళు బాగుచేసుకునే మనిషి, చదివింది అయిదో తరగతి. పాత మంచం తాలూకు అల్యూమినియం గొట్టాలు కోసి తన చేత్తోనే యాంటెనా కట్టాడు. ఇరవై అడుగుల ఎత్తు చాల్లేదు, ముప్ఫై చాల్లేదు. ఒకసారి గాలికి గొట్టం విరిగి ఎదురింటి పెంకుల మీద పడితే, నాలుగు రోజులు ఆ ఇంటి కప్పు నేసిపెట్టి మళ్ళీ తన డాబా ఎక్కాడు. చివరికి ఒకరోజు ఒళ్ళు మండి, యాంటెనాని టవరు వైపు కాకుండా పూర్తిగా వెనక్కి, ఎదురుగా ఉన్న రాళ్ళ క్వారీ గోడ వైపుకి తిప్పేశాడు. లోపల టీవీ ముందు కూర్చున్న భార్య కెవ్వున అరిచింది.

"వచ్చిందండీ!"

"ఏం వచ్చింది?"

"మనిషి! మెడ దాకా వచ్చాడు! కోటు కూడా వేసుకున్నాడు!"

టవరు నుంచి బయల్దేరిన సిగ్నల్ క్వారీ గోడకి కొట్టుకుని తిరిగొచ్చి వీధిలో పడుతోందన్నమాట. పెద్ద దుకాణం వాళ్ళకి తట్టని సంగతి సైకిళ్ళాయనకి తట్టింది. కాకపోతే ప్రతి బొమ్మ పక్కనా నీడలా ఇంకో బొమ్మ ఉండేది. వార్తలు చదివే ఆవిడకి రెండు ముక్కులు. "ఊళ్ళో వాళ్ళకి వార్తలు ఒక్కళ్ళే చదువుతారు, మనకి ఇద్దరు" అని వీధివాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

ఆ రోజు నుంచి ఆయన యాంటెనా మామ అయిపోయాడు. అసలు పేరు ఓటర్ల జాబితాలో చూసుకోవాల్సిందే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మూడువందల పన్నెండు గొట్టాలు నిలబెట్టాడు, ఒక్కటీ ఒరగలేదు. ఆసుపత్రి మేడ మీద నిలబెట్టిన గొట్టంతో మంచం దిగలేని రోగులు సైతం పాటలు చూశారు. బడి మీద నిలబెట్టింది చూడ్డానికి పక్క ఊరి హెడ్మాస్టరు పనిగట్టుకుని వచ్చి వెళ్ళాడు. ఫుట్‌బాల్ ఫైనల్ నాడు గాలివానకి బిగింపు ఊడిపోతే, నలభై నిమిషాలు గొట్టాన్ని కావలించుకుని తడుస్తూ డాబా మీద నిలబడ్డాడు. గోలు పడి వీధంతా ఎగిరి గంతులేస్తుంటే, వేసింది ఎవరో ఆయన మర్నాడు పేపర్లో చూసి తెలుసుకున్నాడు. అలాంటి మనిషి.

ఈ ఘనతలో సగం భార్యది. ఆ మాట ఆయనే పదిమందిలో ఒప్పుకునేవాడు. పైన తిప్పేది ఆయనైతే, లోపల తెర చూసి కేక వేసేది ఆవిడ. "కుడికి... ఇంకాస్త... అబ్బ, దాటిపోయింది, వెనక్కి... ఆఁ, అక్కడే, కదలకండి!" ఆవిడ గొంతు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో ఆయన మణికట్టుకి తెలుసు. పరాయి ఇళ్ళకి పనికి పిలిచినా ఇద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు. "మా ఆవిడ ఆగమంటే అరంగుళం కూడా అటూ ఇటూ కాదు" అనేవాడు.

ఇలా ఉండగా, జనవరిలో టీవీ అడుగున అక్షరాలు పరుగెత్తడం మొదలెట్టాయి. మే ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం పన్నెండింటికి పాత ప్రసారం ఆగిపోతుందనీ, ఇక అంతా డిజిటలేననీ, ప్రతి ఇంటికీ ఒక చిన్న పెట్టె ఇస్తారనీ వాటి సారాంశం.

"నడుస్తున్నదాన్ని ఆపడమేమిటి? వాళ్ళకేం తిన్నది అరగట్లేదా?" అన్నాడు మూల మీది దర్జీ.

"అద్దంలో చూసినట్టు ఉంటుందటయ్యా. వార్తలాయన గడ్డం గీసుకున్నాడో లేదో తెలిసిపోతుందట" అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు.

"నాకెందుకర్రా ఆయన గడ్డం? ఆ మసకలోనే అందరూ అందంగా ఉంటారు" అంది పక్కింటి పెద్దమ్మ. ఆవిడకి టీవీ తప్ప మాట్లాడే తోడు లేదు. వార్తలావిడ "నమస్కారం" అంటే తిరిగి నమస్కారం పెట్టే మనిషి.

మార్చి నెలలో ప్రసార కేంద్రం నుంచి ఒక ఇంజనీరు వచ్చి బడి గదిలో మీటింగు పెట్టాడు. బల్ల మీద మ్యాపు పరిచాడు. కొండ నీడ పడే చోట్లకి చిన్న టవర్లు పన్నెండు మంజూరయ్యాయనీ, పల్లపు వీధి పేరు ఆ జాబితాలో ఉందనీ, కావాలో వద్దో ఇవాళే తేల్చి చెప్పాలనీ అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పాతదానితో పాటు కొత్త ప్రసారమూ అప్పటికే మొదలైంది, మామ ఊళ్ళోంచి అలాంటి పెట్టె ఒకటి తెచ్చి తన టీవీకి తగిలించి ఉన్నాడు. సరిగ్గా ఆ పొద్దున్నే, గాలి బిగిసిపోయి ఉక్కగా ఉన్న పూట, క్వారీ వైపుకి పెట్టిన పాత యాంటెనాతోనే బొమ్మ వచ్చింది. ఒక్క మరక లేదు, వార్తలావిడకి ఒకటే ముక్కు. గంటన్నర నిలిచింది. భార్యాభర్తలిద్దరూ కాఫీ కూడా మర్చిపోయి చూశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం ఆయనకి నేర్పింది ఒకటే. ఒక్కసారి కనపడ్డ బొమ్మని పట్టి నిలబెట్టవచ్చు. కాస్త ఎత్తో, కాస్త వంపో, అంతే తేడా.

అందుకని ఆయన లేచి నిలబడ్డాడు. "మా వీధికి టవరు అక్కర్లేదండీ. అవసరం ఉన్నవాళ్ళకి ఇచ్చుకోండి. ఇక్కడ నేనున్నాను."

చప్పట్లు మారుమోగాయి. దర్జీ ఈల వేశాడు. ఇంజనీరు మాత్రం కళ్ళజోడు తీసి, "బాగా ఆలోచించుకున్నారా?" అని అడిగాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆలోచిస్తున్నానండీ."

ఇంజనీరు జాబితాలో వీధి పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టేసి, వీధి తరఫున సంతకం పెట్టమన్నాడు. ఆయన పెట్టాడు. వెనక బెంచీలో కూర్చున్న భార్య ఆ క్షణాన గర్వంగా చుట్టూ అందరి వంకా చూసింది. తర్వాత ఆవిడని నిలవనివ్వనిది కూడా ఆ క్షణమే. పొద్దున చూసింది తనూ కదా! ఒక్కసారి చొక్కా పట్టుకుని లాగినట్టు "ఆగండి" అని ఉంటే, ఆ చెయ్యి తప్పకుండా ఆగేది.

మర్నాడు బొమ్మ లేదు.

ఇంటింటికీ పెట్టెలు వచ్చాయి. మామ ఇంటింటికీ డాబాలు ఎక్కాడు. పాత టీవీలో అయితే గొట్టం తిప్పుతుంటే బొమ్మ జబ్బుమనిషిలా మెల్లగా తేరుకునేది, ఏ వైపు తిప్పాలో అదే చెప్పేది. ఈ పెట్టెతో ఆ మర్యాద లేదు. ఉంటే అద్దంలా ఉంటుంది, లేకపోతే నీలం తెర మీద "సిగ్నల్ లేదు" అన్న రెండు ముక్కలు. పైగా వచ్చే బొమ్మ అయిదారు సెకన్లు ఆలోచించుకుని మరీ వస్తుంది.

"వచ్చింది, ఆగండి!"

"ఆగాను. ఉందా?"

"పోయింది!"

"ఇప్పుడేగా వచ్చిందన్నావు?"

"ఇప్పటిది కాదండీ, మీరు ఇందాక తిప్పినప్పటిది!"

అలా ఎన్ని డాబాలో. వేలెడంత తిప్పి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేలెడంత తిప్పి. భార్య గొంతు బొంగురుపోయింది. మొదటిసారిగా ఆయన పైనుంచి "నీకు సరిగ్గా కనపడట్లేదేమో, మాస్టారిని కూర్చోబెట్టు" అన్నాడు. ఆవిడ లేచి కుర్చీ మాస్టారికిచ్చింది. మాస్టారి కేకలూ ఆలస్యంగానే వచ్చాయి.

ఉక్కబోసిన పొద్దుటి పూట ఎప్పుడైనా బొమ్మ వచ్చేది, పదింటికల్లా గళ్ళ దుప్పటిలా ముక్కలై పోయేది. మాస్టారు ఇంజనీరుకి ఫోను చేసి కనుక్కున్నారు. "ఉక్కగా ఉన్న పూట గాలే సిగ్నల్‌ని దూరం మోసుకొస్తుందండీ, అది రోజూ మోయదు" అన్నాడట. నలభై అడుగుల గొట్టం వేసినా రాదన్నాడట.

అప్పటి నుంచీ వీధి మాట తీరు మారింది. ఎవరూ ఎదురుపడి తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఏం మామా, ఇవాళ గాలి ఎటు వీస్తోంది, సినిమా ఉందా?" అనేవాడు దర్జీ, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా.

"వచ్చే టవరుని వద్దన్నది మనమేగా. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన్ని అనేం లాభం?" అనేవారు మాస్టారు. 'అందరం' అన్నచోట ఒత్తి పలికేవారు.

పక్కింటి పెద్దమ్మ ఒక్కతే సూటిగా అడిగింది. "అబ్బాయ్, ఇరవయ్యో తారీఖు తర్వాత నాకు మనుషులు కనపడరా?"

ఆయన తలుపు బందు బిగిస్తున్నట్టు నటించాడు. ఆ తలుపు బందు గట్టిగానే ఉంది.

మే పదకొండు సోమవారం పొద్దున, ఎనభై ఏడు ఇళ్ళ సంతకాలతో ఒక అర్జీ పట్టుకుని ఆయన రాజధానిలోని ప్రసార కార్యాలయానికి బయల్దేరాడు. వీధి పేరు జాబితాలో తిరిగి ఎక్కించాలని అర్జీ. సంతకాలకి భార్యే తిరిగింది. దర్జీ పెన్ను తీసుకుని, "ఈసారి దేనికి అత్తా, కావాలనా, వద్దనా?" అన్నాడు. ఆవిడ తల వంచుకుని సంతకం పెట్టాల్సిన గీత చూపించింది.

"గురువారం పధ్నాలుగుకల్లా వచ్చేస్తాను" అన్నాడు ఆయన, బస్సు కిటికీలోంచి. కొత్త చొక్కా, జేబులో పాత బడి సర్టిఫికెట్టు. అదెందుకని ఆవిడ అడగలేదు.

పధ్నాలుగున ఫోను చేశాడు. ఇంకో అంతస్తుకి వెళ్ళమన్నారట. పదహారున చేశాడు. మన టవరు వేరే ఊరికి ఇచ్చేశారట, అక్కడ నిలబెట్టేశారు కూడానట. మళ్ళీ మంజూరు కావాలంటే మూడేళ్ళు, అదీ ఎవరైనా అడిగితే. "పోనీ, పాత ప్రసారమే మన వరకు ఇంకొన్నాళ్ళు ఉంచమన్నాను. నవ్వారే" అన్నాడు. అవతల జనం చప్పుడు వినపడుతోంది.

ఇరవయ్యో తారీఖు బుధవారం వీధిలో సగం మంది మామ ఇంటి ముందుగదిలో చేరారు. మొదటి బొమ్మ చూసింది అక్కడే గనక చివరిదీ అక్కడే చూద్దామని ఎవరో అన్నారు. పెద్దమ్మకి కుర్చీ వేశారు. తెర మీద వార్తలావిడ రెండు ముక్కులతో ఏదో దూరదేశం వానల గురించి చెబుతోంది. ఎవరూ వినట్లేదు, చూస్తున్నారంతే.

పన్నెండయింది. వాక్యం మధ్యలోనే ఆవిడ పోయింది. తెరంతా చుక్కలు, బుస్సుమని శబ్దం.

"సెలవు తీసుకోవాలన్న జ్ఞానం కూడా లేదు" అన్నారు మాస్టారు. దర్జీ నవ్వబోయి మానేశాడు. పెద్దమ్మ చేతులు జోడించి అలాగే ఉంచింది, ప్రసారం కట్టేశారని తెలియక కాదు. "పోనీలే అమ్మాయ్, ఈ శబ్దమైనా ఉండనీ" అంది. భార్య లేచి టీవీ కట్టబోయింది కానీ, ఆ మాటకి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడే ఫోను మోగింది. అందరూ ఆవిడ వంక చూశారు.

"పోయిందా?" అన్నాడు ఆయన.

"పోయింది."

"అందరూ ఉన్నారా అక్కడ?"

"ఉన్నారు."

"నేను రాసిచ్చేశానే. ఆ రోజు టవరు వద్దన్నది నా ఒక్కడి పొరపాటు, వీధివాళ్ళది కాదు అని. సంతకం పెట్టాను. దాని మీద డైరెక్టరుగారు సంతకం పెట్టాలట. ఆయన సెలవులో ఉన్నాడు. ఇరవై ఏడున వస్తాడు."

"ఆయన పెడితే టవరు వస్తుందా?"

"రాదు. మన పేరు జాబితాలో చివర్న చేరుతుంది."

"ఆ కాగితం పోస్టులో పంపరా?"

అటుపక్క జనం చప్పుడే వినపడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆవిడ గదిలోంచి కేక వేస్తే ఆయన చెయ్యి కదిలేది. ఈసారి ఆవిడ ఏమీ అనలేదు. రమ్మంటే ఆయన ఈ గదిలోకి, వీళ్ళందరి ముందుకి రావాలి.

"పంపుతారు" అన్నాడు చివరికి, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"సరే, ఉండండి. తిండి మాత్రం మానకండి" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

"ఏమంటాడమ్మా? ఎప్పుడొస్తాడట?" అన్నారు మాస్టారు.

"అక్కడ పెద్దాయనతో పని ఉందటండీ. అది ముగించుకుని" అంది ఆవిడ, అందరి మొహాల్లోకీ చూస్తూ, "మే ఇరవై ఎనిమిది, గురువారం."