బల్ల మీద నాన్న చొక్కా

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ప్రార్థన కోసం మందిరానికి పంపిన నాన్న చొక్కా మడతలో మా కుక్క మెడతాడు దాచిపెట్టింది నేనే.

మాది అక్కుపల్లికి దగ్గర్లో, జీడితోటల మధ్య ఊరు. మందిరమంటే రేకుల కప్పున్న ఒక్క గది. మగవాళ్లు ఒక పక్క, మేం ఆడవాళ్లం ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్లం. నాన్న కొబ్బరికాయలు దింపేవాడు. ఆయన ఎక్కడికి వెళితే మా ఎర్రకుక్క అక్కడికి వచ్చేది. ఆదివారం ఆయన చాప పక్కనే గోడవారగా పడుకుని, ఆఖరి ఆమేన్ దాకా కదిలేది కాదు.

"ఏరా, నీ కుక్కకి బాప్తిస్మం ఎప్పుడిప్పిత్తావు?" అనేది మా మేనత్త, నాన్నకు అక్క.

"అది నీకన్నా ముందొచ్చి కూకుంటాది గదే అప్పా. నువ్వు టయానికి రా ముందు," అనేవాడు నాన్న.

నేను పదో తరగతిలో ఉండగా టెక్కలి నుంచి కొత్త పాస్టరుగారు వచ్చారు. మంచివారే. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు ఎండలో సైకిలు మీద తిరిగేవారు. కానీ రెండో ఆదివారమే కుక్కను చూసి పాట ఆపించారు. "ఇది దేవుని మందిరం. దాన్ని ఇంటి దగ్గర కట్టేసి రండి," అన్నారు. నాన్న కొబ్బరిపీచుతో తాడు పేని, దాని మెడకు వేసి, ఆదివారాలు ఇంటి ముందు గుంజకు కట్టేసేవాడు. మేము పాట ఎత్తుకోగానే అది అక్కడి నుంచి అరిచేది. నాన్న తల దించుకునేవాడు.

మరుసటి ఏడాది ఆయన కాళ్లు వాచాయి. మా వైపు ఆ వాపుకు అర్థం అందరికీ తెలుసు. పలాసలో పరీక్ష చేసి, కిడ్నీలు పాడయ్యాయన్నారు.

మందిరానికి రాలేని రోగి చొక్కానో చీరనో తెచ్చి ముందున్న బల్ల మీద పెడితే, పాస్టరుగారు దానిమీద చేయి ఉంచి ప్రార్థించేవారు. తర్వాత దాన్ని రోగి ఒంటి మీద వేసేవాళ్లం. ఆ ఆదివారం అమ్మ నాన్న నీలం చొక్కా నా చేతికిచ్చింది. కుక్క అప్పటికి నాలుగు రోజులుగా తిండి ముట్టకుండా నాన్న మంచం కిందే పడి ఉంది. తాడు ఊరికే గుంజకు వేలాడుతోంది. కుక్క కోసం ప్రార్థన చేయమని అడిగే ధైర్యం నాకు లేదు. తాడు చుట్టి చొక్కా మడతలో పెట్టేశాను.

బల్ల మీద మాకన్నా ముందే ఐదు చొక్కాలున్నాయి. పాస్టరుగారి అరచేయి మా చొక్కా మీద ఆగింది. లోపల ఏదో గట్టిగా తగిలినట్టుంది. నా వైపు చూశారు. తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థించారు.

ఆ వారంలోనే కుక్క గంజి తాగింది. నాన్న నెల తిరక్కుండా విశాఖ ఆసుపత్రిలో పోయాడు. ఆయనకు చెందవలసిన ప్రార్థనను సగం చేసి కుక్కకు పంచేశానేమోనన్న భయం నన్ను పట్టుకుంది.

నాన్న జ్ఞాపకార్థ కూడిక రోజు కుక్క మందిరం గుమ్మం ముందు చెప్పుల్ని దాటి లోపలికి వచ్చింది. నాన్న కూర్చునే చోటును ఎవరూ చెప్పకుండానే అందరూ ఖాళీగా వదిలేశారు. అక్కడ పడుకుంది. సంఘపెద్ద ఒకాయన చేతికర్రతో లేచాడు.

"ఉండనివ్వండి," అన్నారు పాస్టరుగారు. వాక్యం ఎక్కడ ఆపారో మళ్లీ వెతుక్కున్నారు. ఆ తర్వాత ఏ ఆదివారమూ దాన్ని ఎవరూ బయటికి పంపలేదు.

నా భయం మాత్రం పోలేదు. పాస్టరుగారిని అడుగుదామని రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి, పాస్టరమ్మగారిచ్చిన మంచినీళ్లు తాగి తిరిగొచ్చేశాను. ఇప్పటికీ ఆ భయం వేసినప్పుడల్లా నాన్నను విశాఖ ఆసుపత్రికి జీపు ఎక్కించిన ఉదయం గుర్తు చేసుకుంటాను. ఆ నీలం చొక్కాయే తొడుక్కున్నాడు. కుక్క జీపు చక్రం పక్కన నిలబడి ఉంది. నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు. బాగా చదువుకోమంటాడనుకున్నాను.

"నాకన్నా అదే సిక్కిపోనాది గుంటా. ముందు దాన్ని సూడు."