నాలుగు చాయలు

ఆ వానకు ఖాజాగూడలో మా గుడిసె పైకప్పు, రెండు చద్దర్లు, మూడు కోళ్లు, ఉన్న కాస్త బియ్యం పోయాయి. హైటెక్ సిటీ కడుతున్న రోజులవి. మాది రాళ్లు కొట్టే కుటుంబం.

మూసాపేట డాక్టరమ్మ భర్తతో, ఇద్దరు కూతుళ్లతో వచ్చి ఆదివారాలు మా బస్తీలో ఉచితంగా వైద్యం చేసేది. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల చాయ్ తాగేది, తర్వాతే మందులిచ్చేది.

వాన వెలిశాక ఆ నలుగురూ బియ్యం తెచ్చారు. తమ్ముళ్లు ఆకలితో ఏడుస్తున్నా అమ్మ సంచి ముట్టలేదు.

“పొయ్యి కొట్కపోయింది. చాయ్ పొయ్యకుంట ఎట్ల తీస్కుంట? బిచ్చపోళ్లమా?”

“బిచ్చమెవరిచ్చారమ్మా? నలుగురం వచ్చాం, నాలుగు చాయలు బాకీ పడ్డావు. వసూలు చేయకుండా వదులుతానా?”

అమ్మ నవ్వి సంచి అందుకుంది.

ఆ వారంలోనే మా గుడిసెలు తీయించారు. మేం మియాపూర్ చేరాం. డాక్టరమ్మ మళ్లీ కనబడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది. బాకీ మాత్రం ఇంకా నాలుగు చాయలు.