గుర్రం తినే వియ్యాలవారు

మా అమ్మాయి చేసుకుంటానన్న కుర్రాడిది కజకిస్తాన్ అని తెలిసినప్పుడు నేను పెద్దగా కంగారుపడలేదు. ఏళ్ల తరబడి సింగపూర్‌లో ఉన్నదాన్ని, మా బ్లాకులో లిఫ్టు ఎక్కితే నాలుగు దేశాలవాళ్లు కనిపిస్తారు. కుర్రాడు నెమ్మదస్తుడు. మా ఇంటికొస్తే చెప్పులు జతగా పెట్టి విడుస్తాడు, పప్పుచారు అడిగి మరీ పోయించుకుంటాడు. నాకు అంతకన్నా ఏం కావాలి? కంగారుపడింది మా ఆయన. అదీ కుర్రాడి గురించి కాదు, వాళ్ల భోజనం గురించి.

ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు ఇంజినీరు. ఏ విషయమైనా అడుగంటా చూస్తేగాని వదలరు. ఒక సెలవురోజు జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాట్‌లో సోఫా మీద కూర్చుని కజకు వంటల వీడియోలు చూడటం మొదలుపెట్టారు. కాసేపటికి ఫోన్ బల్ల మీద బోర్లించి, "వీళ్లు గుర్రాన్ని తింటారే" అన్నారు.

ఇంకో ఇంట్లో అయితే అదొక వింత కబురుగా పోయేది. మా ఇంట్లో అలా పోదు. మా మామగారు ఏలూరు స్టేషను దగ్గర జట్కా తోలేవారు. ఆ ఒక్క గుర్రం లాగిన బండి మీదే ఇంటిల్లిపాదీ తిన్నారు. పెళ్లయిన కొత్తలో మా ఆయన నాకు చెప్పిన కబుర్లన్నీ దాని గురించే. దానికి ఉలవలు ఎలా నానబెట్టేవారో, వానొస్తే ముందు దాన్ని లోపల కట్టేసి ఆ తర్వాతే పిల్లల్ని ఎలా కేకేసేవారో, అన్నీ చెప్పేవారు. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు నా గురించి కూడా అంత ఇదిగా ఎవరికీ చెప్పి ఉండరు.

నేను ఊరుకున్నానా? నేను పనిచేసే బ్యాంకులో మధ్యాహ్నం భోజనాల దగ్గర అందర్నీ అడిగాను. జపానావిడ, తమ ఊరి వైపు గుర్రం మాంసాన్ని పచ్చిగానే పల్చగా కోసి, అల్లం, వెల్లుల్లి, సోయా సాస్‌తో తింటామని చెప్పింది. ఇటలీ అతను, వాళ్ల అమ్మమ్మ ఉల్లిపాయలు వేసి, వైన్ పోసి, సగం రోజు సన్నని సెగ మీద ఉడికించేదని చెబుతూ కళ్లు మూసుకున్నాడు. కజకుల సంగతి మా ఆయన వీడియోల్లోనే చూశాను. పక్కటెముకల మాంసానికి కొవ్వుతో సహా ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి పేగులో కూరుతారు. ఉడికాక చక్రాల్లా కోసి, వెడల్పాటి పిండి రేకుల మీద పరిచి పెడతారు. చెప్పినవాళ్లలో ఒక్కరి మొహంలోనూ తప్పు చేసినట్టు లేదు. మనం కోడిపలావు గురించి చెప్పుకునేటప్పుడు మన మొహాలూ అలాగే ఉంటాయి కాబోలు. ఇంటికొచ్చి ఆ మాటే అంటే, "కోడి మనల్ని పోషించిందా?" అని లేచి వెళ్లిపోయారు.

ఇంతలో కుర్రాడి తల్లిదండ్రులు పెళ్లిమాటలకని సింగపూర్ వచ్చారు. వుడ్‌ల్యాండ్స్‌లో కొడుకు ఫ్లాట్‌లో దిగి, ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని భోజనానికి పిలిచారు. ముందురోజు అమ్మాయి నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి అసలు విషయం చెప్పింది. వాళ్లలో వియ్యాలవారికి పిల్లాడి తల్లి తన చేత్తో ఒక మాంసం ముద్ద నోట్లో పెడుతుందట. తింటే సంబంధం ఖాయమైనట్టు, వద్దంటే సంబంధమే వద్దన్నట్టు.

"నాన్న మొహం తిప్పుకుంటే ఫినిష్ లా, అమ్మా. వాళ్ల డాడీ చాలా ఓల్డ్ ఫ్యాషన్. ఇంక మళ్లీ మాట్లాడరు." కంగారుపడితే దాని మాటల్లో సింగపూర్ వాళ్ల 'లా' వచ్చి పడుతుంది.

ఏ మాంసమో కనుక్కోమన్నాను. అడగనంది. గొడ్డు మాంసం పెట్టబోమని కుర్రాడు ముందే మాటిచ్చాడు, ఇంకా ఆరా తీస్తే బాగుండదంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకి ఆ ఒక్క మొహమాటం మాత్రం నా పెంపకమే. ఒకరింట్లో పెట్టినదాన్ని చూసి ఇదేమిటని అడక్కూడదని చిన్నప్పటి నుంచీ నూరిపోశాను. అందుకే నేనూ కుర్రాడికి ఫోన్ చెయ్యలేదు. మా ఆయన అసలే చెయ్యలేదు. ఆవు కాదన్నారు కాబట్టి ఇక మిగిలింది గుర్రమేనని తేల్చుకుని కూర్చున్నారు.

మర్నాడు రైల్లో వుడ్‌ల్యాండ్స్ బయల్దేరాం. నేను పళ్లూ పూతరేకులూ ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని, లోపల్లోపల తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టుకున్నాను. మా ఆయన మీద ఒళ్లు మండిపోతోంది. ఒక్క ముద్ద, మింగి మంచినీళ్లు తాగితే పోతుంది. పిల్ల పెళ్లి కంటే ఎప్పటిదో గుర్రం ఎక్కువా అని అడుగుదామనుకున్నాను. పక్కన అమ్మాయి గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది, దాని మొహం చూసి ఆగిపోయాను.

కుర్రాడి తండ్రి పొట్టి మనిషి, గుర్రాల మీద పెరిగినవాడని నడక చూస్తేనే తెలుస్తుంది. తల్లి గుమ్మంలోనే నన్ను గట్టిగా వాటేసుకుంది. వాళ్లకు ఇంగ్లీషు రాదు, మా మాటలన్నీ కుర్రాడే అటూ ఇటూ చెప్పాలి. పెద్దవాళ్లం నలుగురమూ నవ్వుతూనే కూర్చున్నాం. నా చీర చెంగు మాత్రం చేతిలో నలిగిపోతోంది.

పెద్ద పళ్లెం వచ్చింది. ఆవిడ నల్లటి ముక్క ఒకటి, తెల్లటి కొవ్వు ముక్క ఒకటి కలిపి వేళ్లతో తీసి, నిండుగా నవ్వుతూ మా ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన పెదవులు బిగించారు. తల పక్కకి తిప్పేశారు.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కుర్రాడి తండ్రి చేతిలో టీ కప్పు కింద పెట్టాడు. మా అమ్మాయి తల దించుకుంది.

ముందు తేరుకున్నది కుర్రాడే. మా ఆయన వైపు వంగి మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు. అది గొర్రె కాలేయం, గొర్రె కొవ్వు అట. వియ్యాలవారి ముద్దకి ఎప్పుడూ గొర్రేనట. గుర్రం మాంసం సింగపూర్‌కి వాళ్లసలు తేలేదట. నాకు తల కొట్టేసినంత పనైంది. మా ఆయన చేతులు జోడించి క్షమాపణ అడిగారు. తన తండ్రి జట్కా తోలేవాడని, గుర్రమే తమకు అన్నం పెట్టిందని, అందుకే అలా చేశానని ఇంగ్లీషులో చెప్పుకున్నారు. కుర్రాడు అది తండ్రికి చెప్పాడు.

ఆ పెద్దాయన మొహం కాస్త తేటపడింది. తినడానికి పెంచినదాన్నే తింటామని, తాను ఎక్కి తిరిగినదాన్ని తినలేదని కొడుకు చేత చెప్పించాడు. అది చచ్చిపోయినప్పుడు దాని పుర్రెని ఎవరూ కాలితో తొక్కకుండా కొండ మీద పెట్టి వచ్చాడట. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడా పెద్దాయన, మరి మీరు మీ గుర్రాన్ని ఎక్కడ పెట్టారని అడిగాడు.

మా ఆయన ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టి, కుదరక, అమ్మాయి వైపు తిరిగి తెలుగులోకి వచ్చేశారు.

"దానికి కళ్లు పోయాయమ్మా. అప్పుడే ఊళ్లోకి సర్కసొచ్చింది. మీ తాతయ్య దాన్ని తోలుకెళ్తుంటే నేనూ కూడా వెళ్లాను. డేరా వెనకాల పులుల బోన్లున్నాయి. అక్కడ కట్టేసి వచ్చేశాం. ఎందుకు నాన్నా అని నేనడగలేదు. అడిగుంటే వెనక్కి తెచ్చేసేవోడేమో."

మా అమ్మాయికి చిన్నప్పుడు ఆయన చెప్పిన గుర్రం కథ కూడా సర్కసులోనే ముగిసేది. అందులో గుర్రం తల మీద ఎర్ర కుచ్చు పెట్టుకుని, బాజాకి తగ్గట్టు ఆడేది. నాకూ ఆ కుచ్చు సంగతే తెలుసు. అమ్మాయి ఆయన్ని చూస్తూ, "మరి ఆ ఎర్ర కుచ్చు, నాన్నా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఈ మాటలు కుర్రాడికి ఇంగ్లీషులో చెప్పాల్సింది అమ్మాయే. చెప్పింది. కుర్రాడు తండ్రికి చెప్పాడు.

రైల్లో ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఇన్నేళ్లు ఇది ఒక్కరే మోశారని జాలేసింది. దాని వెంటే భయం. అన్నం పెట్టిన గుర్రాన్ని పులులకి వేసినవాళ్లు, గుర్రం తినే ఇంటికొచ్చి మొహం తిప్పుకున్నారు. ఎదుటివాళ్లు ఏమనుకోవాలి? ఆ ముసలాయన లేచి మమ్మల్ని పొమ్మన్నా తప్పు పట్టలేను.

ఆయన పొమ్మనలేదు. పెళ్లికి మా ఊరొచ్చినప్పుడు మీ ముందు గుర్రం మాంసం పెట్టనివ్వను, అన్నాడట.

"పెట్టండి," అన్నారు మా ఆయన. "మీ పద్ధతి మా కోసం మానుకోవద్దు. ఇదేంటని అడుగుతాను. గుర్రం అంటే, నాకొద్దండీ అని నోరు తెరిచి చెప్తాను. మీరేం అనుకోకండి."

అమ్మాయి, కుర్రాడు ఒకరి తర్వాత ఒకరు ఆ మాటను చేరవేశారు. ముసలాయన విని, పళ్లేన్ని భార్య వైపు జరిపాడు. ఆవిడ మళ్లీ ఒక నల్ల ముక్క, ఒక తెల్ల ముక్క కలిపి తీసింది. ఈసారి నవ్వడం లేదు. మా ఆయన నోటికి జానెడు దూరంలో ఆపేసింది.

ఆయన ఆ ముద్దని చూశారు. అంతసేపూ ఆవిణ్ణి మేడమ్ అంటూ వచ్చిన మనిషి, "ఇదేంటి చెల్లెమ్మా?" అని అడిగారు.

పిల్లలు ఆ మాట చేరవేసేదాకా ఆవిడ ఆగలేదు. మా ఆయన కళ్లలోకి చూస్తూ, సన్నగా, అచ్చం గొర్రెలా అరిచి చూపించింది. ఆయన నోరు తెరిచారు.