వేసవికి ఇళ్ళకు వెళ్ళే వస్తువులు

కువైట్‌లోని ఎగైలా మాల్‌లో నేను సరుకు లెక్క చూసే కొట్టుకు ఎదురుగా ఒక కాఫీ దుకాణం ఉంది. వాళ్ళు ఏలకులు దంచినప్పుడల్లా ఆ వాసనకు నా చేతిలో కలం ఆగి, పాత లెక్క మొదలవుతుంది. కాఫీ కూజాలు పదకొండు. ఇత్తడి మేకులు కొట్టిన చెక్క పెట్టెలు ఆరు. ముత్యాలు జల్లించే జల్లెడలు పద్నాలుగు. వలలు తొమ్మిది, నీళ్ళ కుండలు ఎనిమిది. తిరగళ్ళు మూడు, రాయి కాలదనుకున్నాను, పగిలింది. మొత్తం యాభై ఒకటి. ఇరవై మూడు ఇళ్ళవాళ్ళు నమ్మి ఇచ్చినవి.

అవన్నీ అబూ హలీఫాలో, సముద్రానికి దగ్గరగా ఒక మట్టి ఇంట్లో ఉండేవి. చమురు బయటపడకముందు ఇక్కడి మనుషులు ఎలా బతికారో బడిపిల్లలకు చూపించాలని, మేము మామా అని పిలిచే కువైటీ ఆవిడ తన తాతగారి ఇంటిని మ్యూజియం చేసింది. అద్దాల బీరువాలు లేవు. పిల్లలు తిరగలి తిప్పాలి, వల అల్లి చూడాలి. గోడలకు సిమెంటు పూసి మట్టిరంగు వేద్దామని కాంట్రాక్టరు అన్నప్పుడు, ఆమె తోటకు నీళ్ళు పట్టే ఓబులేసన్న మట్టీ గడ్డీ కలిపి తొక్కి, మూరెడు గోడ మెత్తి చూపించాడట. రాయచోటి దగ్గరి మనిషి. ఆనాటి నుంచి ఆ ఇంటిని నడిపింది ఆయనే. పదో తరగతి తప్పి, లెక్కలు సొంతంగా నేర్చుకున్న నన్ను రిజిస్టరు రాయడానికి పెట్టించిందీ ఆయనే. నేను వస్తువు, కొలత, సంఖ్య రాస్తే, ఇచ్చినవాళ్ళు దాని గురించి చెప్పిన మాట కూడా పక్కన రాయించేవాడు. "నంబరు మనకబ్బీ. ఆ మాట వాళ్ళది," అనేవాడు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎండలకు మ్యూజియం మూసే మూడు నెలలూ ప్రతి వస్తువూ ఇచ్చినవాళ్ళ ఇంటికి వెళ్ళి ఉండి రావాలి. పోనూ రానూ నలభై ఆరు సార్లు పికప్ తిరగాలి; ఏటా రెండు మూడు వస్తువులకు గీతలు పడేవి. నాకది దండగనిపించింది. ఒక ఏడు మామాకు కాగితం మీద లెక్క వేసి చూపించి, అన్నీ దజీజ్‌లో ఒకే గిడ్డంగిలో పెట్టడానికి ఒప్పించాను. ఓబులేసన్న ఒక్కసారే వద్దన్నాడు. "యాడాదికొకసారన్నా వాళ్ళ కండ్ల బడల్ల గదబ్బీ." నేను గీతల లెక్క చదివాను. ఆయన నవ్వి, "సరే సామీ, నీ లెక్కకు నేనేం అడ్డం చెప్పేది," అంటూ పెట్టెలు ఎత్తడానికి లేచాడు.

నాలుగో వారంలో పక్క గిడ్డంగిలో లేచిన మంట మా దాన్నీ అంటుకుంది.

ఉత్తరాలు పంపుదామంది మామా. ఓబులేసన్న ఒప్పుకోలేదు. ఇంటికి పోయి తెచ్చినవాళ్ళం, ఇంటికి పోయే చెప్పాలన్నాడు. మొదటి ఇల్లు ఒక ముసలామెది. పికప్ ఆగగానే ఆమె తలుపు రెండు రెక్కలూ తీయించింది. పెట్టె ఒక రెక్కలో పట్టదు. లోపల దాని చోటు ఊడ్చి ఉంది. ఈ ఏడు ఆలస్యం చేశారేమని అడిగింది. ఓబులేసన్న తలగుడ్డ తీసి గడప దగ్గర కూర్చున్నాడు. తనకొచ్చిన అరబీలో, "పెట్టె ఖలాస్, యుమ్మా. మేమే పోగొట్టినాము," అన్నాడు. ఆమె చాలాసేపు ఖాళీ పికప్ వైపే చూసింది. తర్వాత లేచి రెండో రెక్క తనే మూసింది.

తిరుగుదారిలో, తప్పు నాది కదా, మేమని ఎందుకన్నావని అడిగాను.

"లెక్క నీదేలే. నాకూ నోరుండె గదా. వద్దని ఇంకోసారి అనకపోతినే."

అలా పద్నాలుగు ఇళ్ళకు వెళ్ళాం. ప్రతిచోటా ఆయనే కూర్చున్నాడు, ఆయనే చెప్పాడు. నేను పక్కన రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. పదిహేనో ఇంటికి వెళ్ళవలసిన రోజు ఉదయం ఆయన నిద్ర లేవలేదు. పెట్టెలో పెట్టి ఊరికి పంపించాం. మట్టి ఇల్లు మళ్ళీ తెరుచుకోలేదు.

రిజిస్టరు నా దగ్గరే ఉంది. వస్తువులు లేవు గాని, ఆయన రాయించిన మాటలన్నీ అందులో ఉన్నాయి. అది పట్టుకుని పదిహేనో ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళాను. గేటు ముందు పికప్ ఆపాను. లోపల ఎవరో తలుపు రెండో రెక్కకు గడియ తీస్తున్న చప్పుడైంది. నేను బండి తిప్పేశాను.

చెప్పవలసిన ఇళ్ళు ఇంకా తొమ్మిది.