బాలయ్య మంచం దగ్గర ఎవరూ అనని మాట

దయ్యాల కథలు చెప్పేవాణ్ణే గాని నమ్మేవాణ్ణి కాను. చిక్కడపల్లిలో కరెంటు పోయినప్పుడల్లా పక్కింటి పిల్లల్ని మా మేడ మీద పోగేసి లేని దయ్యాల్ని చాలానే పుట్టించాను. ఒకదాని చేత ఇరానీ హోటల్లో చాయ్ కూడా తాగించాను. తయారుచేసేవాడికి తన సరుకంటే భయం ఉండదు కదా. అందుకే ఈ సంగతి చెబితే మావాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఇది మాత్రం నేను పుట్టించింది కాదు. పుట్టించి ఉంటే ఇంతకంటే బాగా పుట్టించేవాణ్ణి.

నేను ఫిజియోథెరపిస్టుని. నారాయణగూడ సందుల్లో ఉన్న ఒక చిన్న ఎముకల ఆసుపత్రిలో పనిచేస్తాను. పేరు చెప్పను, జీతం ఇంకా అక్కడే తీసుకుంటున్నాను. కింద మందుల షాపు, పైన వార్డు. ఇటుకల మధ్య సిమెంటుకి బదులు కక్షలు పెట్టి కట్టారేమో అనిపించే బిల్డింగు.

సర్జన్ డాక్టర్ వివేక్‌కి నేనంటే లెక్కలేదు. పేషెంట్ల ముందే నన్ను "మా మర్దనాయన" అంటాడు. నాకు ఇన్‌ఛార్జి సిస్టర్ సుగుణ అంటే పడదు. నేను లేపి కూర్చోబెట్టిన పేషెంటుని ఆవిడ మళ్లీ పడుకోబెడుతుంది. "దుప్పట్లు నలుగుతున్నయని ఆ సార్‌కి చెప్పు" అని ఆయాతో అంటుంది, నేను పక్కనే నిలబడి ఉండగా. సిస్టర్‌కి మందుల షాపు యాదగిరి అంటే ఒళ్లుమంట. పైనుంచి ఏది అడిగినా రెండుసార్లు మెట్లు ఎక్కిదిగిస్తాడని. యాదగిరికేమో డాక్టరంటే గిట్టదు. అందరి ముందు "నువ్వు షాపు పెట్టుకున్న కంపౌండర్‌వి" అన్నాడని.

ఇలాంటి మా మీద యాజమాన్యానికి ఒక మంచి ఆలోచన వచ్చి పడింది. ఒకరి పని ఒకరు నేర్చుకుని కలిసి పనిచేస్తే పేషెంట్లు తొందరగా కోలుకుంటారని ఎక్కడో విన్నారు. గురువారం గురువారం ఒకరు మిగతా వాళ్లకి క్లాసు చెప్పాలి. రోజూ పొద్దున నలుగురం కలిసి రౌండ్ చెయ్యాలి. రౌండ్‌లో ఒక పద్ధతి కూడా పెట్టారు. ముందు మాట్లాడినవాళ్ల మాట తిరిగి చెప్పాకే తన మాట చెప్పాలి, విన్నామని తెలియడానికి.

క్లాసులు పగ తీర్చుకోవడానికి బాగా పనికొచ్చాయి. సిస్టర్ చేతులు కడుక్కోవడం నేర్పింది, క్లాసంతా డాక్టర్ గోళ్లు చూస్తూ. యాదగిరి బోర్డు మీద ఒక వంకర గీత గీసి, "ఇది ఏం మందో జర చెప్పున్రి, మాకు రోజు ఇట్లనే వస్తది" అన్నాడు. ఎముక అతుక్కోవడానికి మర్దన అక్కర్లేదన్న ఒక్క విషయం మీద డాక్టర్ గంట మాట్లాడాడు. సమోసాలు మాత్రం అందరం తిన్నాం, ఎవరి గోడకి వాళ్లం ఆనుకుని.

రౌండ్‌లో తిరిగి చెప్పడం కూడా అలాగే తయారైంది. "డ్రెస్సింగ్ మార్చండి" అని డాక్టర్ అంటే, "డ్రెస్సింగ్ మార్చాలంట, నిన్ననే మార్చినం, సార్‌కి చూసే తీరిక లేదంట" అని సిస్టర్ అప్పజెప్పేది.

అప్పుడు బాలయ్య వచ్చాడు. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్ మీద ఇంకో అంతస్తు లేపుతుంటే కర్రల మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. భార్య అంజమ్మ మంచం పక్కన స్టూలు దిగేది కాదు. ఎవరు కనబడినా ఒకటే అడిగేది: "మల్ల నడుస్తడా సారు?"

ఆ రోజు పొద్దున రౌండ్‌లో డాక్టర్ మొదలుపెట్టాడు. "రేపు ఇంటికి పంపిద్దాం. ఇవాళ నడిపించండి."

"రేపు పంపాలంట, ఇవాళ నడిపియ్యాలంట" అంది సిస్టర్. యాదగిరి అదే మాట ఆవలిస్తూ అన్నాడు. నా వంతు వచ్చింది.

కాలు లాగుతోందని బాలయ్య అంతకుముందు నుంచే నాతో అంటున్నాడు. లేవడానికి బద్ధకం అనుకున్నాను. డాక్టర్ ఎదురుగా ఉన్నాడు కాబట్టి నా పని చూపించాలని కూడా ఉంది. "ముందు పిక్క గట్టిగా మర్దన చేసి, తర్వాత నడిపిస్తా" అని వంగాను.

చెవి వెనకాల సిస్టర్ గొంతు వినిపించింది. నెమ్మదిగా, స్పష్టంగా. "కాలు ముట్టొద్దు. సూది ఆపిన్రు. పిక్క వాచింది. లోపల రక్తం గడ్డ కట్టింది."

చేతులు వెనక్కి తీసేసుకున్నాను. నా పక్కన డాక్టర్ అప్పటికే దుప్పటి తీస్తున్నాడు. సిస్టర్ ఆపరేషన్ తర్వాత బాలయ్య కాలికి తొడిగిన మేజోడు లాగేస్తోంది. ఆ పిక్క రెండో దానికంటే లావుగా, నిగనిగలాడుతూ ఉంది. ముట్టుకుంటే వేడి. వెంటనే స్కాన్‌కి పంపాం. గడ్డ తొడ దాకా పాకి ఉంది. నేను ఒక్కసారి గట్టిగా పిసికి ఉంటే అది ఊడి ఊపిరితిత్తుల్లో అడ్డం పడేదని, మనిషి మంచం మీదే పోయేవాడని డాక్టర్ తర్వాత అన్నాడు.

మధ్యాహ్నం బాలయ్యకి మందు ఎక్కుతుండగా నలుగురం డ్యూటీ రూమ్‌లో కూర్చున్నాం. ఇష్టం లేకపోయినా సిస్టర్‌తో నేరుగా అన్నాను. "మీరు ఆపకపోతే మనిషి పోయేవాడు."

"నేనేం ఆపిన? అన్నది యాదగిరి గదా."

"నన్నెందుకు మధ్యల గుంజుతవ్ అక్క? నా నోట్లె ఆవలింత ఉండె. అన్నది డాక్టర్ సాబ్."

"నేనా?" అన్నాడు డాక్టర్, నా వైపు వేలు చూపిస్తూ. "మూర్తిగారే కదా అన్నారు. చేతులు పెట్టబోయి, తనే ఆగి చెప్పారు. అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నా."

అక్కడ గొడవ మొదలైంది. మామూలుగా మా గొడవలన్నీ తప్పు ఎవరిదన్న దాని మీద. ఆ రోజు మంచిపేరు ఎవరిదన్న దాని మీద కొట్టుకున్నాం, అదీ ఎదుటివాళ్ల నెత్తిన పెట్టడానికి. "నీదే" అంటే "నీదే" అని, తిట్టుకున్నంత కోపంగా.

కేకల మధ్యలో ఇంకో సంగతి బయటపడింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఇచ్చే సూదిని డాక్టరే ఆపించాడు, కుట్ల దగ్గర నెత్తురు ఊరుతోందని. మళ్లీ మొదలుపెట్టమని చెప్పడం మరిచిపోయాడు. సూది షాపు నుంచి పైకి పోవడం లేదని యాదగిరికి తెలుసు. వార్డులో నిల్వ ఉందేమో, మనకెందుకు అనుకున్నాడు. పొద్దున మేజోడు బిగుతుగా ఉండటం సిస్టర్ చూసింది. కాళ్లు చూడటం ఫిజియో పని, ఆయనే చూసుకుంటాడు అనుకుంది. కాలు లాగుతోందన్నది నాకొక్కడికే తెలుసు.

తలా ఒక ముక్క దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నాలుగూ కలిస్తే తప్ప ఆ మాట తయారవదు.

మా తమ్ముడి వాదన ఒకటుంది. గిట్టనివాళ్ల గొంతు ఎప్పుడూ మన చెవుల్లో మోగుతూనే ఉంటుందట, నా అనుమానమే సిస్టర్ గొంతుతో వినిపించిందట. మోగుతూ ఉంటుందన్నది ఒప్పుకుంటాను. కానీ సూది ఆపేశారన్న సంగతి నాకు తెలియనే తెలియదు. తెలియనిదాన్ని ఎలా అనుమానిస్తాను?

సాయంత్రం అంజమ్మని అడిగాను. పొద్దున మాలో ఎవరు మాట్లాడారని.

"ఎవ్వరు మాట్లాడలే సారు. నువ్వు కాలు ముట్టబోయినవ్. ఇంతల అందరు ఎవరో పిలిచినట్టు పక్కకు తిరిగిన్రు."

"ఏ పక్కకి?"

"తలా ఒక దిక్కు" అంది. "నువ్వు సిస్టరమ్మ దిక్కు చూసినవ్. డాక్టర్ సారు నీ దిక్కు చూసిండు. నాకు భయమైంది, ఏమైందోనని."

బాలయ్య బతికాడు. కొంచెం ఆలస్యంగా నడిచాడు కూడా. ఇదంతా చూసి మేం నలుగురం కలిసిపోయామనుకుంటే పొరపాటు. ఒకడు ఇంకొకడి గొంతు అనుకరించి ఆట పట్టించాడని ఇప్పుడు కొత్త అనుమానం. సిస్టర్ అయితే నన్నే అనుమానిస్తోంది.

సీతాఫలాల రోజుల్లో బాలయ్య దంపతులు చూపించుకోవడానికి వచ్చారు. ఆయన చేతికర్రతో, ఆవిడ పళ్ల గంపతో. "నా పానం కాపాడినోళ్లకు ఇయ్యాలె" అన్నాడు బాలయ్య. నేను సిస్టర్‌ని చూపించాను. సిస్టర్ కింద యాదగిరి దగ్గరికి పొమ్మంది. యాదగిరి డాక్టర్ గదికి పంపాడు. డాక్టర్ మళ్లీ నా దగ్గరికి పంపాడు.

"ఇది ఏం దవాఖాన సారు, తీసుకునేటోళ్లే లేరు" అని విసుక్కుని అంజమ్మ గంపని డ్యూటీ రూమ్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. పళ్లు మగ్గాయి, గదంతా వాసన పట్టింది, పగిలి కారాయి. ఒక్కరం ముట్టలేదు.

మాలో ఎవరో ఒకరం "నేనే అన్నాను" అనేస్తే సరిపోయేది. అడ్డుపడి కాదనేవాళ్లెవరూ లేరు. పళ్లూ దక్కేవి, పేరూ దక్కేది. ఎదుటివాడికి ఒక్క మంచిమాట దక్కకుండా చూడటానికి ఏమైనా చేసే మనుషులం నలుగురం, అది ఒక్కటీ ఎందుకు అనలేకపోయామో నాకు ఇప్పటికీ తెలియదు.